ఆకాశం నుంచి పడితే అడిగేదెవరు?

2023 జులై నెల. పెర్త్‌లో చలి గట్టిగా ఉన్న రోజులు. పొద్దున్నే స్లాబ్ పని మొదలుపెట్టి తొమ్మిదిన్నరకి టీ తాగడానికి కూర్చున్నాం. ఈ విరామాన్ని ఇక్కడ 'స్మోకో' అంటారు. పక్కనున్న ఆస్ట్రేలియా కుర్రాడు ఫోన్ తెచ్చి ఒక ఫొటో చూపించాడు. పెర్త్‌కి ఉత్తరాన దాదాపు 250 కిలోమీటర్ల దూరంలో గ్రీన్ హెడ్ అని చిన్న ఊరు. అక్కడి సముద్రపు ఒడ్డుకి రాగి రంగు పీపా ఒకటి కొట్టుకొచ్చింది. మనిషి కంటే ఎత్తు. చుట్టూ పోలీసు కాపలా. విమానం ముక్క అని కొందరు, రాకెట్ ముక్క అని కొందరు.

జులై 31న ఆస్ట్రేలియా అంతరిక్ష సంస్థ తేల్చి చెప్పింది. అది చాలావరకు మన పీఎస్‌ఎల్‌వీ రాకెట్ మూడో దశ తాలూకు భాగమేనని. అంటే శ్రీహరికోటలో పైకి లేచినది ఇక్కడ ఒడ్డుకి చేరిందన్నమాట. మా ఇంట్లో ఉండే ఐదుగురిలో ఒకరిది సూళ్లూరుపేట. 'ఇది మా ఊరోళ్ళదే గదా, మనకంటే ముందే వీసా లేకుండా వచ్చేసింది' అన్నాడు. అందరం పడీ పడీ నవ్వాం. ఈ రాష్ట్ర ప్రీమియర్ రోజర్ కుక్ కూడా దాన్ని మ్యూజియంలో స్కైలాబ్ ముక్కల పక్కన పెట్టుకోవచ్చు అన్నారు. అక్కడితో ఆ ముచ్చట అయిపోయింది అనుకున్నాం.

అయిపోలేదు. ఆ ఆదివారం జగిత్యాల అన్న మేనకోడలు ఫోన్ చేసింది. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో లా చదువుతున్న పిల్ల. మా కబుర్లన్నీ విని ఒక్క మాట అడిగింది: 'మామా, ఆ పీపా నీ మీద పడితే ఏమైతుండె తెలుసా? ఆ బీచ్‌లో తిరిగే తెల్లాయనకు ఉన్న హక్కు నీకు లేదు.'

అప్పుడు నవ్వు ఆగిపోయింది. ఈ నాలుగు మాటలు రాయడానికి అదే కారణం.

స్కైలాబ్ నాటి సంగతి

ఆకాశం నుంచి పడే వస్తువు గురించి తెలుగువాళ్ళకి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. 1979లో స్కైలాబ్ పడుతుందన్నప్పుడు మన ఊళ్ళల్లో జరిగిన హడావుడి మా అమ్మానాన్నలు ఇప్పటికీ చెబుతారు. ఎలాగూ చచ్చిపోతాం కదా అని కోళ్ళు, మేకలు కోసుకుని తిన్నవాళ్ళు ఉన్నారు. ఆ ఏడు పుట్టిన పిల్లలకి స్కైలాబ్ అనే పేరు పెట్టినవాళ్ళూ ఉన్నారు. దాని మీద 2021లో తెలుగు సినిమా కూడా వచ్చింది.

చివరికి అది మన మీద పడలేదు. మేం ఇప్పుడు బతుకుతున్న ఈ పశ్చిమ ఆస్ట్రేలియా మీద పడింది. ఇక్కడి లెక్కన జులై 12, అర్ధరాత్రి దాటాక. ఎస్పరెన్స్ అనే ఊరి చుట్టుపక్కల ముక్కలు రాలాయి. స్టాన్ థార్న్‌టన్ అనే 17 ఏళ్ళ లారీ డ్రైవర్ కుర్రాడు తన ఇంటి దగ్గర పడిన ముక్కలు పట్టుకుని అమెరికా పోయి, ఒక పత్రిక ప్రకటించిన 10,000 డాలర్ల బహుమతి తెచ్చుకున్నాడు. చెత్త వేసినందుకు ఎస్పరెన్స్ స్థానిక మండలి నాసాకి 400 డాలర్ల జరిమానా రాసింది. నాసా కట్టలేదు. ముప్పై ఏళ్ళ తర్వాత, 2009లో, ఒక అమెరికా రేడియో వ్యాఖ్యాత తన శ్రోతల దగ్గర చందా పోగుచేసి కట్టాడు.

సరదాగా ఉంటుంది ఈ కథ. కానీ అందులో ఒక నిజం ఉంది. అప్పటికే నియమాలు ఉన్నాయి. 1967 అంతరిక్ష ఒప్పందం, 1968 రక్షణ, తిరిగి అప్పగింత ఒప్పందం, 1972 బాధ్యతా ఒప్పందం. ఇవి తెలిసినవాళ్ళు అడిగితే పని జరుగుతుంది. 1978లో సోవియట్ ఉపగ్రహం కాస్మోస్ 954 అణు ఇంధనంతో సహా కెనడా మీద కూలింది. కెనడా ఊరుకోలేదు. 60 లక్షల కెనడా డాలర్లకు బిల్లు వేసింది. 1981లో 30 లక్షలు వసూలు చేసుకుంది. అడగడం తెలిసినవాడికి సగమైనా వచ్చింది.

మా సైటు లెక్కలో చెప్పాలంటే

మేము న్యాయవాదులం కాదు. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, ముందు గల్ఫ్‌లో, తర్వాత ఇక్కడ కాంక్రీట్ పనులు చేయిస్తున్నవాళ్ళం. అయినా ఈ చట్టం మాకు తేలిగ్గానే అర్థమైంది. ఎందుకంటే పైనుంచి పడే వస్తువు సంగతి రోజూ మాకు పొద్దున పాఠమే.

పరంజి ఎక్కేవాడు స్పానర్‌కి తాడు కట్టుకోవాలి. కింద తాళ్ళు కట్టి ఎవరినీ రానివ్వకూడదు. వస్తువు కింద పడిందంటే జవాబు పైవాడిదే. కిందవాడు నువ్వెందుకు నిలబడ్డావ్ అని ఎవరూ అనరు. బాధ్యతా ఒప్పందం కూడా ఇదే చెబుతుంది. రాకెట్ పంపిన దేశం వస్తువు భూమి మీద పడి నష్టం చేస్తే, తప్పు ఉందా లేదా అన్న విచారణ లేకుండా ఆ దేశమే కట్టాలి. మనిషి ప్రాణం, ఆరోగ్యం, ఆస్తి, అన్నీ నష్టం కిందికే వస్తాయి.

ఇక్కడిదాకా బాగుంది. మేనకోడలు చూపించింది ఆ ఒప్పందంలో ఏడో అధికరణం. రాకెట్ పంపిన దేశపు పౌరులకు జరిగిన నష్టానికి ఈ ఒప్పందం వర్తించదు అని అందులో ఉంది. ఎందుకంటే అది దేశానికీ దేశానికీ మధ్య ఒప్పందం. సొంత పౌరుల సంగతి సొంత చట్టంతో చూసుకోవాలి అని అప్పట్లో అనుకున్నారు.

ఇప్పుడు గ్రీన్ హెడ్ ఒడ్డుకి రండి. ఆ పీపా అలల మీద తేలి రాకుండా నేరుగా ఒక ఇంటి పని జరుగుతున్న చోట పడింది అనుకుందాం. పక్కపక్కన ఇద్దరు మేస్త్రీలు. ఒకరిది ఆస్ట్రేలియా పాస్‌పోర్టు, ఒకరిది ఇండియా పాస్‌పోర్టు. ఒకే దెబ్బ, ఒకే ఆసుపత్రి. మొదటివాడి తరఫున ఆస్ట్రేలియా ప్రభుత్వం భారత ప్రభుత్వాన్ని ఆ ఒప్పందం కింద అడగొచ్చు. రెండోవాడికి ఆ తలుపు మూసి ఉంటుంది. ఇక మిగిలేది ఏదో ఒక దేశపు మామూలు కోర్టు, లాయరు ఫీజు, వాయిదాలు. ఇండియాలో సొంత చట్టం ఉందా అంటే, 2017లో అంతరిక్ష కార్యకలాపాల బిల్లు ముసాయిదా వచ్చింది గానీ అది చట్టం కాలేదు. 2023లో వచ్చినది అంతరిక్ష విధానం. విధానం చూపించి కోర్టులో పరిహారం అడగడం కష్టం.

మన మీద రాకెట్ పడే అవకాశం ఎంత? చాలా చాలా తక్కువ. భయపడమని చెప్పడం లేదు. కానీ 2022లో న్యూ సౌత్ వేల్స్‌లో గొర్రెల మేత భూముల్లో స్పేస్‌ఎక్స్ నౌక ముక్కలు దొరికాయి. 2025 అక్టోబర్‌లో ఈ రాష్ట్రంలోనే న్యూమన్ దగ్గర ఒక గని దారిలో కాలుతున్న ముక్క గని పనివాళ్ళ కంట పడింది. ఎవరూ లేని చోట పడతాయి అనుకునే ఆ ఎవరూ లేని చోట్లోనే మనలాంటివాళ్ళం పని చేస్తుంటాం. గనులు, రోడ్లు, పైపులైన్లు, సోలార్ ప్లాంట్లు.

ఈ సందు ఎవరి కంట పడింది?

ఇదే మేం చెప్పదలచుకున్న అసలు సంగతి. యాభై ఏళ్ళు దాటిన ఈ ఒప్పందాన్ని ఎంతోమంది పెద్దపెద్ద పండితులు చదివారు. ఏడో అధికరణం వాళ్ళకి తెలియక కాదు. కానీ దాన్ని వలస కూలీ వైపు నుంచి చూడాలంటే ఇంట్లో ఒక వలస కూలీ ఉండాలి. ఆ పిల్లకి మేనమామ ఉన్నాడు. అందుకే కనబడింది.

అలా కనబడినదాన్ని ఏం చెయ్యాలి? రాయాలి. పరిశోధన వ్యాసంగా రాసి, నలుగురు నిపుణులు చదివే పత్రికలో అచ్చు వేయించాలి. అంతరిక్ష చట్టం విషయంలో విద్యార్థుల రాతకి విలువ లేదు అనుకోవద్దు. ఈ శాస్త్రం పుట్టిందే ఉపగ్రహాల కంటే ముందు, కాగితం మీద. వ్లాదిమీర్ మాండ్ల్ అనే చెక్ న్యాయవాది 1932లోనే అంతరిక్ష చట్టం మీద పుస్తకం వేశాడు. 1953లో జర్మనీలోని గోటింగెన్ విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థి ఇదే విషయం మీద డాక్టరేట్ వ్యాసం సమర్పించాడు. స్పుత్నిక్ ఎగిరింది 1957లో. అంటే ఎగిరే వస్తువు లేకముందే దాని నియమాలు ఆలోచించినవాడు ఒక విద్యార్థి.

ఇప్పుడు కూడా దారులు ఉన్నాయి. మాన్‌ఫ్రెడ్ లాక్స్ పేరుతో 1992 నుంచి అంతరిక్ష చట్టం మీద విద్యార్థులకు నమూనా కోర్టు పోటీ జరుగుతోంది. లాక్స్ పోలండ్ దేశస్థుడు, అంతర్జాతీయ న్యాయస్థానంలో న్యాయమూర్తిగా చేసిన పెద్దమనిషి. పోటీలో ప్రతి జట్టూ వాది వైపు, ప్రతివాది వైపు రెండు వాదనలూ రాయాలి. చివరి పోటీకి అంతర్జాతీయ న్యాయస్థానం న్యాయమూర్తులే వచ్చి కూర్చుంటారు. ఇండియా, ఆస్ట్రేలియా కాలేజీలు ఆసియా పసిఫిక్ జట్ల కిందికి వస్తాయి. ఆ చివరి పోటీ జరిగేది అంతర్జాతీయ వ్యోమగామి మహాసభలతో పాటు. ఆ సభలు 2007లో మన హైదరాబాద్‌లోనే జరిగాయి. 2017లో అడిలైడ్‌లో, 2025లో సిడ్నీలో జరిగాయి. మన ఊరికీ మేమున్న దేశానికీ వచ్చిపోయిన సభలు. మాకెవరికీ తెలియదు.

1999లో వియన్నా ఐక్యరాజ్యసమితి సభ నుంచి పుట్టిన స్పేస్ జనరేషన్ అడ్వైజరీ కౌన్సిల్ అని ఒకటి ఉంది. 18 నుంచి 35 ఏళ్ళ వాళ్ళ కోసం. ఐక్యరాజ్యసమితి అంతరిక్ష కమిటీలో దానికి శాశ్వత పరిశీలక హోదా ఉంది. అందులో చట్టం, విధానం మీద పనిచేసే బృందం కూడా ఉంది. మన హైదరాబాద్ నల్సార్‌లో వి. బాలకిష్టారెడ్డి గారు ఏళ్ళ తరబడి వాయు, అంతరిక్ష చట్టాలు బోధించారు. ఆయన 2024లో తెలంగాణ ఉన్నత విద్యామండలి అధ్యక్షులయ్యారు. కాబట్టి ఇది మనకి అందని ద్రాక్ష ఏం కాదు.

మేము మోసపోయిన తీరు

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మీ ఇంట్లో జరగకూడదనే చెబుతున్నాం.

ఆ పిల్ల మొదట రాసిన వ్యాసం వేరే. ఒడ్డుకి కొట్టుకొచ్చిన పీపా ఎవరి ఆస్తి, ఎవరు తిరిగి తీసుకెళ్ళాలి, ఖర్చు ఎవరిది అని. 1968 ఒప్పందం ప్రకారం దొరికిన వస్తువు సంగతి పంపిన దేశానికీ ఐక్యరాజ్యసమితికీ చెప్పాలి. వాళ్ళు అడిగితే ఇచ్చెయ్యాలి. ఖర్చు పంపినవాళ్ళదే. ఇదంతా చక్కగా రాసింది. అంతలో ఒక 'అంతర్జాతీయ' పత్రిక నుంచి మెయిల్ వచ్చింది. మీ వ్యాసం పంపండి, వెంటనే వేస్తాం, రుసుము 6,500 రూపాయలు అని. 'స్కాలర్‌షిప్‌కి దరఖాస్తు పెట్టాలంటే అచ్చయిన వ్యాసం ఉండాలి మామా' అంది. మేం ఐదుగురం తలా కాస్త వేసి పంపించాం. ఒక శనివారం ఓవర్‌టైం డబ్బులు.

రెండు రోజుల్లో అంగీకార పత్రం వచ్చింది. ఒక్క అక్షరం దిద్దలేదు. బంగారు రంగు అంచుతో సర్టిఫికెట్. మేం దాన్ని వాట్సాప్‌లో ఊరంతా తిప్పాం. నెల తర్వాత ఆ పిల్ల లెక్చరర్ చూసి తల పట్టుకున్నారట. 'రెండు రోజుల్లో ఎవరు చదివారమ్మా?' అని ఒక్కటే అడిగారట.

ఆ ప్రశ్న వినగానే మాకు సిగ్గేసింది. మా పనిలో స్టీల్ కట్టాక ఇంజనీర్ వచ్చి, కవర్ బ్లాకులు, అతుకు పొడవులు టేపు పెట్టి చూసి, సంతకం పెట్టేదాకా కాంక్రీట్ లారీని పిలవం. చూడకుండా సంతకం పెట్టే ఇన్‌స్పెక్టర్ దొరికితే సంబరపడతామా? ఆ స్లాబ్ కింద నిలబడేది మన పిల్లలే అయితే? పరిశోధన పత్రికలో తోటి నిపుణులు చదివి దిద్దడం అంటే ఆ తనిఖీనే. ఆ తనిఖీ లేని సర్టిఫికెట్‌కి డబ్బిచ్చి కొన్నది మేమే.

డబ్బు పోతే పోయింది. అసలు నష్టం వేరే ఉంది. ఒకచోట అచ్చయిన వ్యాసాన్ని మంచి పత్రికలు మళ్ళీ తీసుకోవు. వెనక్కి తీసుకుంటాం అంటే ఆ పత్రికవాళ్ళు దానికీ రుసుము అడిగారు. ఏడాది పాటు రాసిన కష్టం అలా బూడిదలో పోసిన పన్నీరు అయ్యింది.

మేమొక్కళ్ళమే మోసపోలేదు. 2018 మే నెలలో యూజీసీ తన జాబితాలోంచి ఒకేసారి 4,305 పత్రికలను తీసేసింది. తర్వాత కేర్ అనే జాబితా పెట్టి, దాన్ని 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. పత్రిక మంచిదో చెడ్డదో ఇక కాలేజీలే చూసుకోవాలి. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒక ప్రచురణ సంస్థను, మేం మోసపోయింది దాని దగ్గర కాదు, 2019లో అమెరికా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని ఆదేశించింది. మన ఊరి పేరు ఇలాంటి విషయంలో వినబడటం ఎంత తలవంపులు!

ఇంకో అడ్డం ఉంది. మంచి పత్రికలు చదవాలంటే డబ్బు. ఒక్క వ్యాసం తెరవడానికి మా ఒక పూట కూలి అడిగేవి ఉన్నాయి. భారత ప్రభుత్వం 2025 జనవరిలో 'ఒకే దేశం ఒకే చందా' మొదలుపెట్టింది. మూడేళ్ళకి 6,000 కోట్లు. దాదాపు 13,000 పత్రికలు. చాలా మంచి పని. కానీ మొదట అది అందింది ప్రభుత్వాల ఆధీనంలో ఉన్న సంస్థలకే. మా పిల్ల చదివే ప్రైవేటు కాలేజీలాంటివి బయటే ఉన్నాయి. అందుకే చెబుతున్నాం: ఉచితంగా దొరికేవి కూడా ఉన్నాయి. ఆస్ట్రేలియాలో 1995 నుంచి ఆస్ట్‌లీ అనే సంస్థ చట్టాలు, తీర్పులు, చాలా న్యాయ పత్రికలు అందరికీ ఉచితంగా పెడుతోంది. ఒప్పందాల పూర్తి పాఠాలు ఐక్యరాజ్యసమితి అంతరిక్ష కార్యాలయం ఉచితంగా ఇస్తుంది. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం, న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయం లాంటి చోట్ల న్యాయ పత్రికలను విద్యార్థులే సంపాదకులుగా నడుపుతారు. అక్కడ తనిఖీ ఎంత గట్టిగా ఉంటుందో మన పిల్లలు ఒకసారి చూస్తే, బంగారు అంచు సర్టిఫికెట్ మోజు దానంతటదే పోతుంది.

రెండో వ్యాసంలో మా ఇటుక

పిల్ల ఏడ్చి ఊరుకోలేదు. ఏడో అధికరణం మీద కొత్తగా మొదలుపెట్టింది. ఈసారి ఆదివారం ఆదివారం ఫోన్లో చదివి తెలుగులో చెప్పేది. మేం వంట చేసుకుంటూ వినేవాళ్ళం. ఒకరోజు 'గ్రీన్ హెడ్‌లో ఎవరికీ ఏం కాలేదు గనుక బాధ్యత ప్రశ్నే రాలేదు' అని చదివింది. మేం అక్కడ ఆపాం.

'అట్ల రాయకు బిడ్డా' అన్నాడు జగిత్యాల అన్న. మా సైటులో ఎవరికీ తగలకపోయినా, పై నుంచి వస్తువు పడి మనిషికి పెద్ద ప్రమాదం తప్పిందంటే దాన్ని చట్టప్రకారం తెలియజెయ్యాలి. పశ్చిమ ఆస్ట్రేలియాలో 2022 మార్చి 31 నుంచి అమల్లో ఉన్న పని భద్రతా చట్టంలో, ఎత్తు నుంచి వస్తువు పడటం ప్రమాదకర సంఘటనల జాబితాలోనే ఉంది. దెబ్బ తగిలిందా లేదా అన్నది తర్వాత. తగలకముందే రాయడం వల్లే తర్వాతివాడు బతుకుతాడు. అంతరిక్ష ఒప్పందం నష్టం జరిగాకే నోరు తెరుస్తుంది. మా సైటు చట్టం నష్టం జరగకముందే అడుగుతుంది.

ఫోన్ అవతల కాసేపు మాట లేదు. తర్వాత 'మామా, ఈ చట్టం సెక్షన్ నంబరు చెప్పు' అంది. ముప్పై ఏడు అని చెప్పాం. ఆ పేరా ఇప్పుడు ఆ వ్యాసంలో ఉంది.

ఆ వ్యాసాన్ని విద్యార్థులు నడిపే ఒక న్యాయ పత్రికకి పంపింది. పైసా అడగలేదు. నాలుగు నెలలకి జవాబు వచ్చింది. అంగీకారం కాదు, రెండు పేజీల ప్రశ్నలు. అందులో ఒకటి: పరాయి దేశంలో పనిచేసే పౌరుడికి సొంత దేశం ఏ చట్టం కింద పరిహారం ఇవ్వాలని మీరు కోరుతున్నారు, వాక్యం రాసి చూపించండి అని. ఇప్పుడు మూడోసారి తిరగరాస్తోంది. అచ్చవుతుందో లేదో తెలియదు. కానీ ఆ రెండు పేజీలు చూసి మేం ఆ సర్టిఫికెట్ చూసినప్పటి కంటే ఎక్కువ సంతోషపడ్డాం. ఎవరో నిజంగా చదివారు కదా!

మనవాళ్ళే రాయాల్సినవి

ఇలాంటి విషయాలు మన దగ్గర ఇంకా చాలా ఉన్నాయి. శ్రీహరికోట నుంచి మొదటి రాకెట్ ఎగిరింది 1971 అక్టోబర్ 9న. ఆ దీవి అంతకుముందు యానాదుల ఇల్లు. రేంజి వచ్చాక వాళ్ళు కదలాల్సి వచ్చింది. ప్రయోగం ఉన్న రోజు చేపల వేటకి పోవద్దని జాలర్లకి చెబుతారు. ఆ రోజు గంజికి ఎవరు బాధ్యులు? సూళ్లూరుపేట వైపు పిల్లలకి ఇది కళ్ళముందు సంగతి.

ఆస్ట్రేలియాలో కూడా 1947లో ఊమెరా రేంజి పెట్టినప్పుడు ఆదివాసుల భూములే పోయాయి. కానీ ఇక్కడ మాట మారుతోంది. దక్షిణ ఆస్ట్రేలియాలో కూనిబ్బా అనే చోట ఆదివాసీ సమాజం భాగస్వామిగా ఉన్న రేంజిలో 2025 ఫిబ్రవరిలో ఒక ప్రైవేటు అంతరిక్ష గుళిక దిగింది. ఇక అంతరిక్షంలో సైనిక కార్యకలాపాల చట్టం మీద అడిలైడ్ విశ్వవిద్యాలయం, ఇంకొన్ని విశ్వవిద్యాలయాలు కలిసి రాసిన గ్రంథం 2024లో ఆక్స్‌ఫర్డ్ ప్రెస్ నుంచి వచ్చింది. దాని పేరు ఊమెరా మాన్యువల్. ఒక రేంజి పేరు ప్రపంచమంతా చదివే చట్టం పుస్తకానికి పేరైంది. శ్రీహరికోట పేరుతో అలాంటి పుస్తకం ఎప్పుడొస్తుంది?

ఆస్ట్రేలియా 1998లోనే అంతరిక్ష చట్టం చేసుకుంది, 2018లో సవరించుకుంది. రాకెట్ల లెక్కలో మాత్రం మనకంటే ఎంతో వెనక. మనం చంద్రుడి దాకా పోయాం, చట్టం మాత్రం ఇంకా ముసాయిదా. హైదరాబాద్ స్కైరూట్ సంస్థ విక్రమ్-ఎస్ రాకెట్‌ను 2022 నవంబర్ 18న పంపించింది. ప్రైవేటు రాకెట్ పడితే ప్రభుత్వం ఎంత కట్టాలి, కంపెనీ ఎంత కట్టాలి? రేపు బిల్లు పార్లమెంటుకి వచ్చినప్పుడు ఈ ప్రశ్నకి జవాబు ముందే కాగితం మీద ఉండాలి. లేకపోతే కంపెనీల లాయర్లు రాసుకున్నదే చట్టం అవుతుంది.

కడుపు నిండుతుందా?

మనోళ్ళు అడిగే ప్రశ్న ఇదే. నిజం చెప్పాలంటే ఈ చదువులో కొలువులు తక్కువ. ఐటీలాగా వందల మందిని తీసుకోరు. ఉందని మేం అబద్ధం చెప్పం. అప్పు చేసి దీనికోసమే పిల్లల్ని విదేశాలకు పంపమని కూడా అనం. లా చదివే పిల్ల ఏ పని చేసినా, ఒక విషయాన్ని మూలం దాకా పోయి చదివి, తప్పయితే తిరగరాసి, నలుగురి ముందు నిలబెట్టడం నేర్చుకుంటే ఆ చెయ్యి ఎక్కడా ఖాళీగా ఉండదు. అంతే మా నమ్మకం.

అందుకే మనం చెయ్యగలిగినవి మూడు మాటలు.

మొదటిది, ఇంట్లో చట్టం, విధానం లాంటివి చదువుతాననే పిల్ల ఉంటే నవ్వకండి. కోడింగ్ నేర్చుకో అని నోరు మూయించకండి. మీ పని గురించి ఆ పిల్లకి చెప్పండి. పుస్తకాల్లో దొరకని సరుకు మన దగ్గర ఉంది.

రెండోది, డబ్బులు అడిగే పత్రిక ఏదైనా సరే, ముందు ఎవరు చదివి దిద్దుతారు, ఎన్నాళ్ళు పడుతుంది అని అడగండి. డబ్బు తీసుకునేవన్నీ దొంగవి కావు. రెండు రోజుల్లో అవును అన్నదాన్ని మాత్రం గుమ్మం ఎక్కనివ్వకండి.

మూడోది మన తెలుగు సంఘాలకి. ఉగాదికి, దసరాకి సినీతారల్ని పిలుస్తారు, చప్పట్లు కొడతాం, బాగానే ఉంది. అందులో ఒక్కరి విమాన టిక్కెట్టు ఖర్చుతో ఏడాదికి ఒక విద్యార్థి వ్యాసానికి బహుమతి పెట్టొచ్చు. వలస బతుకు మీద, మన ఊరి మీద, చట్టం మీద ఏదైనా సరే. ఒక షరతు ఉండాలి. గెలిచిన వ్యాసం సారాంశం రెండు పేజీలు తెలుగులో రాయాలి. ఆ పిల్ల వాళ్ళమ్మ చదివేలా.

మొన్న ఆదివారం ఆ అమ్మ ఫోన్లో అడిగింది, 'తమ్మీ, అది ఇంగ్లీషుల ఏం రాస్తుందో నాకైతే తెల్వది, నీ గురించేనా?' అని. జగిత్యాల అన్న అవునక్కా అన్నాడు. నిజమే. రాసేది ఆకాశం గురించి. అది పడేది మాత్రం మా నెత్తి మీద.